లీటర్ల లెక్కతో పగడం బతకదు

మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఉండే మనిషి ఇంట్లో సముద్రపు తొట్టి పెడతానంటే ముందు నవ్వుతారు. గోల్డ్‌ఫిష్‌ను బతికించడానికే క్యాన్ నీళ్ళు మోయాల్సిన చోట పగడాలేమిటంటారు. నవ్వడం అయ్యాక సలహా ఇస్తారు. ఒంగోలులో అడిగినా, హైదరాబాద్‌లో అడిగినా, వీడియోల్లో వెతికినా ఆ సలహా ఒకటే. "తొట్టి ఎన్ని లీటర్లన్నా? రెండొందలా? అయితే గంటకు నాలుగు వేల లీటర్లు తోసే వేవ్‌మేకర్ ఒకటి ఏసెయ్. ఇరవై రెట్లు తిరుగుద్ది. ఇంకా కావాలంటే ఎనిమిది వేలది ఎయ్, మంచిదే!"

ఈ రెట్ల లెక్కకు ఇప్పుడు శాస్త్రమంత మర్యాద దక్కుతోంది. మెత్తని పగడాలకు పది నుంచి ఇరవై రెట్లు, గట్టి పగడాలకు ముప్పై, నలభై అని పట్టీలు కూడా కట్టారు. పగడం ముడుచుకుంటే పంపు చాలలేదంటారు. మూలన మడ్డి పేరుకున్నా, రాళ్ళ మీద ఎర్రని జిగురు పాకినా పంపు చాలలేదనే అంటారు. అన్ని రోగాలకూ ఒకటే మందు. ఆ మందు మన ఎండల్లో, మన కరెంటు కోతల్లో విషమయ్యే సందర్భాలు ఎక్కువ. పగడానికి కావలసింది దిక్కు మార్చుకుంటూ వచ్చే నీరు. గంటకు ఎన్ని లీటర్లన్న అంకె ఆ సంగతిని కొలవదు, కొలవలేదు.

ఈ లెక్క గాలిలోంచి పుట్టిందని అనను. నీరు బొత్తిగా కదలని తొట్టిలో పగడం బతకదన్నది నిజం. పగడానికి కాళ్ళు లేవు, మొప్పలు లేవు. తిండి దాని దగ్గరికే రావాలి, ఊపిరి దాని దగ్గరికే రావాలి, విసర్జించినది దాని దగ్గర నుంచి పోవాలి. ఇవన్నీ నీరే చెయ్యాలి. కనుక కనీసపు కదలిక ఇంత ఉండాలని చెప్పడానికి రెట్ల లెక్క పనికొస్తుంది. దుకాణంలో చేతికందిన చిన్న పంపు పట్టుకుని ఇంటికి పోకుండా ఆపుతుంది. దాని పని అంతవరకే. కనీసం చెప్పే అంకెను పట్టుకుని, అది పెరిగే కొద్దీ మేలేనని వాదించడంతోనే చిక్కు వచ్చింది.

మూడడుగుల తొట్టి ఒకటి తీసుకుని లెక్క వేసి చూద్దాం. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 45, నీటి లోతు 50. సుమారు 200 లీటర్లు. గంటకు 4,000 లీటర్ల పంపు అంటే సెకనుకు 1.1 లీటర్లు. పంపు మూతి 2 సెంటీమీటర్ల గొట్టమైతే నీరు సెకనుకు మూడున్నర మీటర్ల వేగంతో బయటికి దూకుతుంది. ఆ ధారకు ఎదురుగా ఉన్న పగడం కండ ఊడి ఎముక తేలుతుంది. అవే లీటర్లు 6 సెంటీమీటర్ల వెడల్పున్న ఫ్యాను మూతి నుంచి వస్తే వేగం సెకనుకు 39 సెంటీమీటర్లే. తొట్టి అడ్డకోత అంతటా సమానంగా పరిచామనుకుంటే సెకనుకు అర సెంటీమీటరు కూడా రాదు. ధార పక్క నీటిని కూడా లాక్కుపోతుంది కాబట్టి అసలు కదలిక ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువన్నది మాత్రం పంపు డబ్బా మీద ఉండదు. మూడు సందర్భాల్లోనూ రెట్లు ఇరవయ్యే. ఒకచోట పగడం చర్మం లేచిపోతుంది, ఒకచోట హాయిగా ఊగుతుంది, ఒకచోట ఊపిరాడక నీరసిస్తుంది. ఇంత తేడాను ఒక్క అంకెలో దాచేసే లెక్క మీద డబ్బు పెట్టమంటున్నారు మనల్ని.

పగడం వైపు నుంచి చూడండి. ఏ వస్తువు ఒంటికైనా ఆనుకుని కదలని నీటి పొర ఒకటి సన్నగా అంటుకుని ఉంటుంది. పగలు వెలుతురులో పగడం లోపలి నాచు కణాలు ఆక్సిజన్ తయారు చేస్తాయి. అది ఆ పొర దాటి బయటపడాలి. రాత్రి అదే పొర దాటి ఆక్సిజన్ లోపలికి రావాలి. నీరు జోరుగా పారినప్పుడు ఈ పొర పలచబడుతుంది. దాని మందం నీటి తాకిడిని బట్టి ఉంటుందే గాని పంపు ధరను బట్టి కాదు. ఒకే వైపు నుంచి ఎంత జోరుగా తోసినా ఎదురు వైపు పొరే పలచబడుతుంది. పగడం వెనక, కొమ్మల నడుమ అది మందంగానే నిలిచి ఉంటుంది.

1998లో ప్రపంచమంతా పగడాలు తెల్లబారిపోయిన ఏడాది జపాన్‌లోని ఒకినావా తీరంలో కూడా ఆ విపత్తు వచ్చింది. కొన్నిచోట్ల పగడాలు చచ్చాయి, కొన్నిచోట్ల బతికాయి. ఎందుకని నాకమురా, వాన్ వీసిక్ అనే ఇద్దరు పరిశోధకులు వెతికి 2001లో ఫలితం ప్రకటించారు. అదే వేడిలో, నీరు బాగా కదిలిన చోట పగడాలు నిలదొక్కుకున్నాయనీ, నెమ్మదిగా కదిలిన చోట చచ్చాయనీ తేల్చారు. రెట్లవాదులు ఇంతవరకు చదివి చప్పట్లు కొడతారు. ఆ తర్వాతి మాట కూడా వినాలి. 2006లో రైడెన్‌బాక్ బృందం కొమ్మల పగడాల చుట్టూ ఒకే దిక్కున పారే నీటినీ, అలలా ముందుకూ వెనక్కూ ఊగే నీటినీ పోల్చి చూసింది. ఊగే నీటిలోనే పగడానికీ నీటికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువగా జరిగింది. ఒకే దిక్కు ధార కొమ్మల పైనుంచి జారిపోతే, ఊగే నీరు కొమ్మల లోపలికి దూరుతుంది. ఎంత నీరన్న ప్రశ్నకు ఎటు నుంచి ఎటన్నది కూడా చేర్చాల్సిందేనని దీని అర్థం.

ఇక్కడ తెలిసినవాళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు, అది గట్టిదే. పంపు మూతి నుంచి వచ్చే నీరు ఎలాగూ సుడులు తిరుగుతూనే వస్తుంది కదా, మళ్ళీ దిక్కు మార్చడం ఎందుకంటారు. 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ మాంచెస్టర్‌లో గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నని రంగు ధార వదిలి చూశాడు. నెమ్మదిగా పారినంతసేపు రంగు గీతలా సాగింది. వేగం హద్దు దాటగానే చెదిరి నీరంతా కలిసిపోయింది. ఇంటి తొట్టిలో పంపు వేగం ఆ హద్దుకు ఎంతో పైనే. కాబట్టి సుడులున్నాయి, ఒప్పుకుంటాను. ఆ సుడులన్నీ ధార దారిలోనే పుట్టి ధారతోనే పోతాయి. రాయి వెనక ఉన్న మూలకు అవి ఇవాళా వెళ్ళవు, రేపూ వెళ్ళవు. ధార సగటు దిక్కు మారనంతకాలం నీడలో పడ్డ చోటు నీడలోనే ఉంటుంది, ఎదురు దెబ్బ తినే పగడం రోజంతా తింటూనే ఉంటుంది. కంభం చెరువును చూడండి. గాలి ఎటు నుంచి వీస్తే అల అటు నుంచి లేస్తుంది. గాలి తిరిగితే నిన్న నిమ్మళంగా ఉన్న ఒడ్డు ఇవాళ తడుస్తుంది. ఒకే వైపు బిగించిన పంపు ఎంత పెద్దదైనా ఆ పని చెయ్యలేదు.

రెండో అభ్యంతరం డబ్బున్నవాళ్ళది. రిమోట్‌లో "ర్యాండమ్" మీట ఉన్న పంపు కొన్నాం, ఇక మాకేం చింత అంటారు. ఆ మీట నొక్కితే పంపు వేగం ఎక్కువ తక్కువలవుతుంది. దిక్కు మాత్రం అదే. వేగం తగ్గినప్పుడు నీడ కాస్త పక్కకు జరుగుతుంది, పెరిగినప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. నా లెక్కలో వరస ఇది: ముందు దిక్కు మారడం, తర్వాత వేగం మారడం, ఆఖరున లీటర్లు. బజారు దీన్ని తలకిందులు చేసి అమ్ముతోంది.

మూడో మాట అన్నిటికంటే ప్రమాదం. "సముద్రంలో అంత హోరు ఉంటుంది, తొట్టిలో ఎక్కువైతే ఏం నష్టం?" అన్నది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్నవాడు అలా అనుకోవచ్చు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే పశ్చిమ ప్రకాశంలో ఆ మాట చెల్లదు. నీటిలో మునిగి తిరిగే పంపు తినే కరెంటంతా ఆఖరికి వేడిగానే మారి నీటిలో కలుస్తుంది. తొట్టికి జోడించిన సంప్‌లో వేసే మామూలు సబ్‌మెర్సిబుల్ పంపు 40 వాట్లు తినడం వింతేమీ కాదు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే 200 లీటర్ల ఉప్పునీటిని రోజుకు నాలుగు డిగ్రీలు పెంచుతుంది. గది గాలే నీటికంటే వేడిగా ఉన్న రోజు అద్దంలోంచి వేడి పోదు. నీరు ఆవిరై పోవడమొక్కటే దారి. ఆ ఒక్క పంపు వేడిని తోడెయ్యడానికే రోజుకు లీటరున్నరకు దగ్గరగా నీరు అదనంగా ఆవిరి కావాలి. ఉప్పు మిగిలిపోతుంది, నీరు తగ్గుతుంది. తగ్గిన నీటిని మంచినీటితో నింపాలి. బోరు నీరు పోస్తే మన నేలలోని ఉప్పులూ ఫ్లోరైడూ ఏ రోజుకారోజు తొట్టిలో పోగుపడతాయి. ఆర్వో నీరు మోసుకురాక తప్పదు. పెద్ద పంపు ఖర్చు దుకాణంలో తీరిపోదన్నమాట.

వేడి పెరిగితే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల సముద్రపు నీరు లీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. అదే సమయంలో చేపలూ పగడాలూ పీల్చేది పెరుగుతుంది. ఆ పైన కరెంటు పోయిందంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల చిన్న యూపీఎస్ బ్యాటరీలో ఉండేది 84 వాట్ అవర్లు. సగమే వాడుకుందామంటే 42. దాని మీద 40 వాట్ల పంపు గంటసేపు తిరుగుతుంది. 6 వాట్ల డీసీ వేవ్‌మేకర్ ఏడు గంటలు తిరుగుతుంది. పగడాలను రాత్రి దాటించేది ఏదో చెప్పనక్కర్లేదు.

రెట్ల లెక్క ఎంత గుడ్డిదో తేలడానికి ఒక పాత ఏర్పాటు చాలు. హవాయిలోని వైకీకీ అక్వేరియంలో వాడిన, బ్రూస్ కార్ల్‌సన్ పేరు మీద ప్రసిద్ధమైన సర్జ్ పరికరం అది. తొట్టి పైన ఒక డబ్బా, దానిలోకి నెమ్మదిగా నీరెక్కించే చిన్న పంపు, నిండగానే సైఫన్ పట్టి ఒక్కసారిగా కిందికి దూకించే గొట్టం. కదిలే భాగాలు ఇంకేవీ లేవు. మన తొట్టికి ఇది అమర్చామనుకుందాం. గంటకు 600 లీటర్ల పంపు 20 లీటర్ల డబ్బాను రెండు నిమిషాల్లో నింపుతుంది. అది పది సెకన్లలో ఖాళీ అయితే ఆ పది సెకన్లూ గంటకు 7,200 లీటర్ల వేగం. పంపు మీద అంకె ప్రకారం ఇది మూడు రెట్ల తొట్టి, ఎందుకూ పనికిరానిది. పగడం దగ్గర మాత్రం రెండు నిమిషాలకోసారి ముప్పై ఆరు రెట్ల ఉప్పెన. చప్పుడు, నీటి తుంపర, బుడగలు ఉంటాయి కనుక ఇంటి హాల్లో దీన్ని పెట్టమని నేను చెప్పను. లెక్క ఎలా కూలుతుందో చూపడానికి చెప్పాను. అంతకుముందే, 1961లో, జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ పెద్ద పంపులేవీ లేకుండా బతికున్న రాళ్ళు, గాలి బుడగలతోనే పగడాల తొట్టి నడిపిన పద్ధతిని ప్రకటించాడు. ఆయనకు సముద్రం దగ్గర, మనకు దూరం, నిజమే. అయినా ఉష్ణదేశపు ఇంట్లో లీటర్ల పోటీ లేకుండా పగడం బతికిందన్నది చరిత్ర.

ఇక ఏం చెయ్యాలంటే, ఇదంతా తక్కువ ఖర్చులో అయ్యే పని. ఒక్క పెద్ద పంపు బదులు వెడల్పు మూతి ఉన్న రెండు చిన్న వేవ్‌మేకర్లు కొనండి. ఒకటి ఎడమ వెనక మూల పైభాగంలో, నీటి ఉపరితలాన్ని కదిలించేలా కాస్త పైకి తిప్పండి. రెండోది కుడి వైపు కాస్త కిందగా, ముందు అద్దాన్ని ఏటవాలుగా తాకేలా. ధార నేరుగా ఏ పగడం మీదా పడకూడదు. అద్దానికి తగిలి చెదిరిన నీరే పగడానికి చేరాలి. తర్వాత ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే పదిహేను నిమిషాల పళ్ళున్న టైమర్లు రెండు. ఎడమది ఆరు గంటలు, కుడిది ఆరు గంటలు, మారే వేళ ఒక గంట రెండూ కలిసి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. దాదాపు అదే లయ మీ తొట్టిలో వస్తుంది. రెండు ధారలు ఎదురెదురుగా ఢీకొన్న గంటలో ఏ యంత్రం మీటా ఇవ్వలేని అలజడి పుడుతుంది. చవక ఏసీ పంపులను సెకన్ల లెక్కన ఆపి వేసే పరికరాలు మాత్రం వద్దు, ఇంపెల్లర్ త్వరగా అరిగిపోతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది కనుక రాత్రి రెండూ ఆగే వేళ ఉండకూడదు.

నీటి ఉపరితలం కదిలించమన్నది అందానికి కాదు. గాలి నీటిలో కలిసేదీ, ఆవిరితో వేడి పోయేదీ అక్కడే. మన పొడి గాలిలో తొట్టి పైన చిన్న ఫ్యాను పెడితే నీరు చల్లబడేంతగా ఒంగోలు, నెల్లూరు తీరాల ఉక్కలో చల్లబడదు. సముద్రానికి దూరంగా ఉన్నందుకు మనకు దక్కిన లాభం ఇదొక్కటే. దాన్ని వాడుకోవాలి.

రాళ్ళు కూడా చూసుకోవాలి. మార్కాపురంలో పలకలకు కొదవ లేదు కదా అని వెనక అద్దానికి ఆనించి గోడలా పేర్చిన తొట్టికి ఏ పంపూ సాయం చెయ్యలేదు. గోడ వెనక మడ్డి కుళ్ళుతుంది. రాళ్ళు అద్దానికి దూరంగా, గుండా నీరు పోయేటట్టు, రెండు మూడు గుట్టలుగా ఉండాలి. పంపు మార్చే ముందు రాళ్ళు జరిపి చూడటానికి పైసా ఖర్చు లేదు.

పనిచేస్తోందా లేదా అని ఎవరినీ అడగక్కర్లేదు. 1971లో హవాయిలో మాక్స్‌వెల్ డోటీ జిప్సం ముద్దలు సముద్రంలో పెట్టి, అవి కరిగిన బరువును బట్టి నీటి కదలికను కొలిచాడు. జీవులను వదలక ముందే ఆ పని ఇంట్లో చెయ్యొచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను ఐస్ ట్రేలో పోసి, ఆరాక తూచి, తొట్టిలో పగడాలు పెట్టాలనుకున్న చోట్ల ఒక్కొక్కటి పెట్టి, ఒక రోజు పంపులు నడపండి. తీసి ఆరబెట్టి మళ్ళీ తూచండి. ఒకే పంపు తొట్టిలో ధారకు ఎదురుగా ఉన్న ముద్ద ఒక వైపే గుంట పడి ఉంటుంది. రాయి వెనకది దానికంటే చాలా తక్కువ కరిగి ఉంటుంది. దిక్కు మారే తొట్టిలో ముద్దలు అన్ని వైపులా గుండ్రంగా అరుగుతాయి, బరువుల తేడా తగ్గుతుంది. పరీక్ష అయ్యాక ఆ నీరు పారబోసి కొత్త నీరు పట్టండి. పగడాలున్న తొట్టిలోనైతే మేత వేసిన మర్నాడు మడ్డి ఎక్కడ పేరుకుందో చూడండి. తోలు పగడం వేళ్ళు రోజంతా ఒకే పక్కకు వాలి ఉంటే ధార దిక్కు మారడం లేదని అదే చెబుతోంది.

ఈ జాగ్రత్తకు ఇంకో కారణం కూడా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాన్నీ, సముద్రపు విసనకర్రలనూ మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రాల నుంచి తీసినవాటిని ఎంత చవకగా ఇస్తామన్నా కొనకూడదు. కాగితాలున్న మెత్తని పగడమే తెచ్చుకోండి. అలా తెచ్చుకున్న ప్రాణిని దుకాణదారుడి అంకెకు బలిపెట్టడం అన్యాయం.

మార్కాపురంలో పగడాల తొట్టి నిలబడదన్నవాళ్ళదీ పొరపాటే, పెద్ద పంపుతో నిలబడుతుందన్నవాళ్ళదీ పొరపాటే. ఈసారి దుకాణంలో గంటకు ఎన్ని లీటర్లని అడగకండి. మూతి వెడల్పెంత, వాట్లెన్ని, బ్యాటరీ మీద నడుస్తుందా అని అడగండి. నాలుగోది, నీరు ఏ వేళ ఎటు తిరగాలన్నది, ఏ డబ్బాలోనూ దొరకదు. అది మీ టైమర్ పళ్ళ మీదే ఉంది.